అన్యాయం జరిగినప్పుడు విశ్వాసి ఏం చేయాలి: పగ మానుకుని న్యాయం అడగడం

మన సంఘాలలో ఎవరైనా తమకు జరిగిన అన్యాయాన్ని చెప్పుకుని కన్నీళ్లు పెట్టుకుంటే, పెద్దల నోట సాధారణంగా వచ్చే మాట “ప్రార్థన చేసుకోండి, ప్రభువే చూసుకుంటాడు” అన్నదే. ఆ మాటలో అబద్ధమేమీ లేదు, కాని అది సగం మాట మాత్రమే. జీతం ఎగ్గొట్టిన యజమాని, చేయని తప్పును మన మీదికి నెట్టిన పై అధికారి, ఆస్తి పంపకంలో వాటా ఇవ్వకుండా సంతకం పెట్టించుకున్న అన్నదమ్ములు, వీరి విషయంలో నోరు మూసుకుని ఉండడమే భక్తి అని వాక్యం చెబుతోందా అని వెతికి చూస్తే, అలా చెప్పడం లేదని తెలుస్తుంది. పగ తీర్చుకునే పనిని దేవునికి అప్పగించమని వాక్యం గట్టిగా చెబుతుంది, నిజం చెప్పడం మానుకోమని గాని న్యాయం అడగవద్దని గాని చెప్పదు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల ఎందరో విశ్వాసులు ఏళ్ల తరబడి లోలోపల కుమిలిపోతున్నారు. అన్యాయం జరిగిన రోజు నుండి మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టు దగ్గర ఏం చేయవచ్చో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఇక్కడ వివరిస్తాను.

మొదటి రాత్రి

మొదటి రాత్రి ఎవరికీ ఏమీ పంపవద్దు. రాజీనామా లేఖ రాయవద్దు, వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు, ఎవరికి తగలాలో వారికి తగిలేలా వాక్యం ఏరి స్టేటస్‌లో పెట్టడం కూడా వద్దు. దేవుని మాటను రాయిలా విసరడం మనలో చాలామంది చేసే పొరపాటు, నేనూ చేశాను. ఆ రాత్రి చేయవలసింది జరిగినదాన్ని జరిగినట్టుగా దేవుని ముందు చెప్పుకోవడం. “ప్రభువా, నాకు ఓర్పు ఇవ్వండి” అని మర్యాదగా ముగించే ప్రార్థన అప్పుడు సరిపోదు. 13వ కీర్తన తెరిచి చూడండి, యెహోవా, ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని దావీదు నిలదీస్తాడు. నమ్మిన స్నేహితుడే ద్రోహం చేసి ఉంటే 55వ కీర్తన ఉంది. శత్రువును శపించే 109వ కీర్తన చదవడానికి మనకు భయం వేస్తుంది, కాని అంతటి కోపాన్ని కూడా మనిషి మీద కాక దేవుని ముందు కుమ్మరించవచ్చని చూపడానికే అది బైబిలులో ఉందని నా నమ్మకం. పైకి వినిపించేలా చదవండి. ఆ తరువాత మీ మాటల్లో, అన్యాయం చేసినవారి పేరుతో సహా, చెప్పండి.

కోపం వచ్చినందుకు మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోవద్దు. “కోపపడుడి గాని పాపము చేయకుడి” అని పౌలు ఎఫెసు సంఘానికి రాశాడు. అదే వచనంలో సూర్యుడు అస్తమించేవరకు కోపం నిలిచి ఉండకూడదన్న మాటను, సాయంత్రంలోగా ఎలాగైనా రాజీపడాలన్న అర్థంలో కొందరు బోధిస్తారు. నాకు అర్థమైనంతలో అది కోపాన్ని లోపల కాపురం పెట్టనివ్వవద్దన్న హెచ్చరికే గాని, తప్పు చేసినవారిని రాత్రిలోగా వదిలేయమన్న ఆజ్ఞ కాదు.

రాసిపెట్టడం

రెండో పని రాసిపెట్టడం. దీన్ని ఆధ్యాత్మికం కాని పని అనుకునేవారు చాలామంది ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

కొన్నేళ్ల క్రితం నేను ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఫీజు కౌంటరు దగ్గర పనిచేసేదాన్ని. ఒక సాయంత్రం రోజు లెక్క చూసేసరికి 8,500 రూపాయలు తక్కువ వచ్చాయి. ఆ మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్లిన అరగంట సేపు నా కుర్చీలో కూర్చున్నది మరొక ఉద్యోగిని. అయినా నన్ను ఒక్క మాట అడగకుండానే ఆ నెల జీతంలో ఆ మొత్తం కోసేశారు. డబ్బు పోయిన బాధ కంటే, కారిడారులో నేను కనబడగానే మాటలు ఆగిపోవడం ఎక్కువ బాధించింది. దొంగతనం ఆ ఉద్యోగినే చేసిందని నాకు ఆ రాత్రే రూఢి అయిపోయింది, ఆమె పేరు పెట్టి సంఘంలోని నలుగురికి చెప్పాలని కూడా నోటిదాకా వచ్చింది.

చెప్పలేదు. బదులుగా ఒక పాత నోటు పుస్తకంలో తేదీ, నేను సీటులో నుండి లేచిన సమయం, తిరిగి వచ్చిన సమయం, ఎన్నో నంబరు రశీదు వరకు నేను రాశానో గుర్తున్నంతలో రాసుకున్నాను. రెండు రోజుల తరువాత ఆఫీసు సూపరింటెండెంటు గారి ఎదుటే రశీదు పుస్తకం తెరిపించాను. నీలం కార్బను నకళ్లు ఒక్కొక్కటిగా తిప్పుతుంటే, ఆ అరగంటలో రాసిన నాలుగు రశీదులలో చేతిరాత నాది కాదని స్పష్టంగా కనబడింది. వాటిలో ఒకటి సరిగ్గా 8,500 రూపాయలది. ఆ విద్యార్థి దరఖాస్తు ఫైలు తీయించి చూస్తే, దాని వెనుక పేజీకి గుండుసూదితో గుచ్చిన బ్యాంకు డీడీ ఉంది. విద్యార్థి నగదు ఇవ్వలేదు, డీడీ ఇచ్చాడు. రశీదు మీద ఆ సంగతి రాయడం ఆమె మరచిపోయింది. దొంగతనమే జరగలేదు. ఆ రాత్రి నేను నోరు జారి ఉంటే, నాకు జరిగిన అన్యాయాన్నే నేను మరొకరికి చేసి ఉండేదాన్ని.

అందుకే రాసేటప్పుడు మూడు రకాల మాటలను విడివిడిగా రాయమని చెబుతాను: నేను కళ్లారా చూసింది, ఇతరులు నాతో చెప్పింది, నేను ఊహిస్తున్నది. కోపంలో ఈ మూడూ ఒకే ముద్దగా కనబడతాయి, కాగితం మీద పెట్టినప్పుడే విడిపోతాయి. వ్యాజ్యంలో మొదట మాట్లాడినవాడు న్యాయవంతుడిలా కనబడతాడని, పొరుగువాడు వచ్చి ప్రశ్నించినప్పుడే సంగతి తేలుతుందని సామెతల గ్రంథం 18వ అధ్యాయం చెబుతుంది. మన మనసులో ఎప్పుడూ మొదట మాట్లాడేది మనమే. రాసినదాన్ని మీతో మొహమాటం లేకుండా మాట్లాడగలిగిన ఒక్కరికి చూపించి, “ఇందులో నా తప్పు ఏమైనా ఉందా?” అని అడగండి. తప్పు చేసి దెబ్బలు తినడం ఘనత కాదని పేతురు తన మొదటి పత్రికలో సూటిగానే చెప్పాడు. మన వైపు పది పాళ్ల తప్పు ఉంటే, మిగిలిన తొంభై పాళ్ల గురించి మాట్లాడే ముందు ఆ పదీ ఒప్పుకోవాలి.

వెళ్లి మాట్లాడడం

మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు చూపిన వరుస మనందరికీ తెలిసిందే. ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకువెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. మనం ఆచరణలో ఈ వరుసను తలకిందులు చేసి, ముందు సంఘమంతా చెప్పుకుని, చివరికి ఆ మనిషికి తప్ప అందరికీ తెలిసిన తరువాత ప్రార్థన కోరతాం.

ఎలా మాట్లాడాలో తెలుసుకోవడానికి నాకు యోహాను సువార్త 18వ అధ్యాయం కంటే మంచి పాఠం కనబడలేదు. ప్రధానయాజకుని ఎదుట బంట్రౌతు ఒకడు యేసును కొట్టినప్పుడు ఆయన తిరిగి కొట్టలేదు, అలాగని మాట్లాడకుండా కూడా ఉండలేదు. నేను చెడు మాట్లాడి ఉంటే అదేమిటో చూపించు, మంచి మాట్లాడి ఉంటే నన్నెందుకు కొడుతున్నావని అడిగాడు. రెండో చెంప చూపమన్న ప్రభువే తన చెంప మీద దెబ్బ పడినప్పుడు ఇలా ప్రశ్నించాడంటే, కొండమీది ప్రసంగంలోని ఆ మాట ప్రతీకారాన్ని ఆపడానికి చెప్పిందే గాని ప్రశ్నను ఆపడానికి చెప్పింది కాదని స్పష్టమవుతోంది. ఆ ప్రశ్నలో తిట్టు లేదు, బెదిరింపు లేదు, ఆధారం చూపమన్న విన్నపం ఉంది. మనం కూడా అదే పద్ధతిలో, “సార్, ఆ మొత్తం తక్కువ రావడానికి కారణం నేనని ఏ ఆధారంతో నిర్ణయించారో నాకు చూపించగలరా? నా తప్పు తేలితే నేనే కడతాను, తేలకపోతే కోత రద్దు చేయమని అడుగుతున్నాను” అని చెప్పవచ్చు. నేను సూపరింటెండెంటు గారితో మాట్లాడింది దాదాపు ఈ మాటలే. ముందురోజు రాత్రి వంటింట్లో నిలబడి నాలుగైదుసార్లు పైకి అనుకుని చూసుకున్నాను కాబట్టే, గొంతు వణికినా మాట తడబడలేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక ఉంది. కొట్టే భర్త దగ్గరికి, లైంగికంగా వేధించే అధికారి దగ్గరికి, ప్రాణహాని తలపెట్టినవారి దగ్గరికి ఒంటరిగా వెళ్లమని చెప్పడానికి మత్తయి 18ని వాడకూడదు. సౌలు ఈటె విసిరినప్పుడు దావీదు తప్పించుకుని పారిపోయాడు. రెండుసార్లు సౌలు తన చేతికి చిక్కినా చంపలేదు, అయినా అతని మాట నమ్మి తిరిగి ఇంటికి వెళ్లనూ లేదు, జీఫు అరణ్యంలో దూరాన నిలబడే మాట్లాడాడు. ప్రమాదం ఉన్నచోట మొదటి మెట్టు సురక్షితమైన చోటికి చేరడం. మహిళలకు 181, పోలీసు సహాయానికి 112 నంబర్లు ఉన్నాయి. “సర్దుకుపో అమ్మా, సాక్ష్యం చెడిపోతుంది” అని గాయాలతో వచ్చిన ఆడపిల్లను తిరిగి పంపేసే పెద్దలు, ఆ మాటకు దేవుని ముందు లెక్క చెప్పవలసి ఉంటుందని నేను భయంతో నమ్ముతున్నాను.

రాతపూర్వకంగా అడగడం

మాటతో పని కాకపోతే కాగితం పెట్టాలి. ఫిర్యాదు చేయడం అవిధేయత అనుకునేవారు సంఖ్యాకాండము 27వ అధ్యాయం చదవాలి. తండ్రికి కొడుకులు లేరన్న కారణంతో వాటా అందకుండా పోతుంటే, సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు ప్రత్యక్షపు గుడారపు ద్వారం దగ్గర మోషే ఎదుట, యాజకుని ఎదుట, ప్రధానుల ఎదుట నిలబడి తమ మాట చెప్పారు. మోషే ఆ సంగతిని దేవుని సన్నిధికి తీసుకువెళ్తే, వారు చెప్పింది సరైనదేనని దేవుడు తేల్చి, ఆ తీర్పును ఇశ్రాయేలీయులందరికీ కట్టడగా చేశాడు. యెరూషలేము సంఘంలో తమ విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో అన్యాయం జరుగుతోందని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగినప్పుడు, అపొస్తలులు వారిని గద్దించలేదు. ఏడుగురిని ఏర్పరచి ఆ పని వారికి అప్పగించారు.

ఫిర్యాదులో ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, మీరు ఏం కోరుతున్నారు అన్నవి ఉంటే చాలు. రాసిన తరువాత “ఎప్పుడూ”, “కావాలనే”, “అందరికీ తెలుసు” అన్న మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి కొట్టేయండి, ఎందుకంటే వాటిని మీరు రుజువు చేయలేరు, పైగా అవతలివారు మీ లేఖలో వాటినే పట్టుకుంటారు. “ఫలానా తేదీన నా జీతంలో 8,500 రూపాయలు కోత విధించారు. కోతకు ముందు నన్ను వివరణ అడగలేదు. ఆ రోజు 1.15 నుండి 1.45 వరకు కౌంటరులో నేను లేను. ఆ సమయంలో రాసిన రశీదులను పరిశీలించి నిర్ణయాన్ని మార్చవలసిందిగా కోరుతున్నాను” అన్నంత పొడిగా ఉంటేనే అది బలంగా ఉంటుంది. రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ, ఆఫీసు ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోవాలి.

చట్టం దగ్గరికి వెళ్లవచ్చా

విశ్వాసి కోర్టుకు వెళ్లకూడదని చెప్పేవారు మొదటి కొరింథీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం చూపిస్తారు. అక్కడ పౌలు గద్దించింది సహోదరులు తమలో తాము తీర్చుకోగల లావాదేవీల తగాదాలను అన్యజనుల ఎదుటికి ఈడ్చడాన్ని. మీలో తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు ఒక్కడైనా లేడా అని ఆయన సంఘాన్ని సిగ్గుపరిచాడు. కాబట్టి ఇద్దరు విశ్వాసుల మధ్య అప్పు గొడవనో గోడ గొడవనో ముందు పక్షపాతం లేని పెద్దల ముందు పెట్టడం న్యాయం. అయితే అదే పౌలు ఫిలిప్పీలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి, మర్నాడు గుట్టుచప్పుడు కాకుండా వెళ్లిపొమ్మన్న అధికారులతో, తాను రోమా పౌరుడినని, వారే వచ్చి బయటికి తీసుకుపోవాలని పట్టుబట్టాడు. అంతకుముందు అర్ధరాత్రి అదే చెరసాలలో సీలతో కలిసి కీర్తనలు పాడింది కూడా ఆయనే. పాడడానికీ అడగడానికీ ఆయనకు వైరుధ్యం కనబడలేదు. తరువాత యెరూషలేములో కొరడాలకు కట్టినప్పుడు పౌరసత్వాన్ని గుర్తుచేశాడు, రోమా అధిపతి ఫేస్తు ఎదుట కైసరు దగ్గరే చెప్పుకొంటానన్నాడు. కష్టపెట్టే యజమానులకు సహితం లోబడమని పేతురు రాసింది ఏ కోర్టూ ఎక్కే అవకాశం లేని దాసులకు. హక్కు లేనివారికి చెప్పిన ఆదరణను, హక్కు ఉన్నవారి నోరు నొక్కడానికి వాడడం సరైన బోధ కాదు.

మన దేశంలో ఉన్న దారులు కొన్ని తెలుసుకుని ఉండాలి. పనిచేసే చోట లైంగిక వేధింపులకు సంబంధించి 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి. సంఘటన జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, తగిన కారణం ఉంటే మరో మూడు నెలల వరకు గడువు పొడిగించవచ్చు. ఈ చట్టం క్రైస్తవ సంస్థలకు, ఆసుపత్రులకు, స్కూళ్లకు కూడా వర్తిస్తుంది. ఇంట్లో హింసకు 2005 చట్టం ఉంది. వకీలుకు ఇచ్చే స్తోమత లేదన్న దిగులు అక్కరలేదు, 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ఆస్తి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వీలునామా లేకుండా తండ్రి చనిపోతే, క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 భారత వారసత్వ చట్టం కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా ఇస్తుంది. కట్నం ఇచ్చాం కదా అని, ఇంటి పరువు అని చెప్పి అక్కచెల్లెళ్ల చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకునే విశ్వాసుల కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. ఇష్టపూర్వకంగా వదులుకోవడం ప్రేమ కావచ్చు. ఒత్తిడి చేసి వదిలించుకోవడం మాత్రం యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో మొరపెట్టే, పనివారికి ఇవ్వకుండా బిగపట్టిన ఆ కూలి లాంటిదే.

చట్టాన్ని ఆశ్రయిస్తూనే చేతులు శుభ్రంగా ఉంచుకోవడం సాధ్యమేనా అని అడిగేవారికి అమెరికాలోని మాంట్‌గోమరీ నగరం ఉదాహరణగా నిలుస్తుంది. సిటీ బస్సుల్లో నల్లజాతివారికి జరుగుతున్న అవమానాన్ని ఎదిరిస్తూ, అక్కడి ఒక బాప్టిస్టు సంఘ కాపరి మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వంలో, 1955 డిసెంబరు నుండి 381 రోజులు ప్రజలు బస్సులెక్కకుండా నడిచారు. 1956 జనవరి 30న ఆయన ఇంటి మీద బాంబు పడింది. భార్య, పసిబిడ్డ అప్పుడు ఇంట్లోనే ఉన్నారు. ఆయుధాలతో చేరిన తమ వారిని ఆయన శాంతింపజేసి ఇళ్లకు పంపాడు. మరోవైపు కోర్టులో కేసు మాత్రం ఆగలేదు, ఆ ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు తీర్పుతోనే బస్సుల్లో వేర్పాటు ముగిసింది.

క్షమించడం, నమ్మడం

“క్షమించాను అంటున్నావు, మరి కేసు ఎందుకు వెనక్కి తీసుకోవు?” అన్న ప్రశ్న మన కూడికల్లో తరచుగా వినిపిస్తుంది. “పగ తీర్చుట నా పని” అన్న దేవుని మాటను నమ్మి, ఎదుటివారికి కీడు జరగాలన్న కోరికను వదిలేయడం క్షమాపణ. అది నా చేతిలో ఉంది, వారు అడగకపోయినా చేయవచ్చు. తిరిగి నమ్మడం వారి మార్పు మీద ఆధారపడుతుంది, దానికి కాలం పడుతుంది. యోసేపు కథలో మనం నేరుగా కౌగిలింత దగ్గరికి వెళ్లిపోతాం గాని, దానికి ముందు మూడు అధ్యాయాలు ఉన్నాయి. అన్నలు ఐగుప్తుకు వచ్చినప్పుడు యోసేపు వెంటనే తానెవరో చెప్పలేదు. షిమ్యోనును ఆపుకున్నాడు, బెన్యామీనును రప్పించాడు, అతని గోనెలో వెండి గిన్నె పెట్టించాడు. ఒకప్పుడు తమ్ముణ్ణి ఇరవై తులాల వెండికి అమ్మేద్దామన్న యూదాయే, ఈసారి తమ్ముడికి బదులు నేను దాసుడిగా ఉంటానని ముందుకు వచ్చాడు. అది విన్న తరువాతే యోసేపు తన్ను తాను అణచుకోలేకపోయాడు. అంతకుముందు అతడు పక్కకు వెళ్లి ఏడ్చిన సందర్భాలు చూస్తే, ప్రేమ ముందునుండీ ఉందని, పరీక్షించింది నమ్మకాన్నేనని తెలుస్తుంది.

పౌలు చివరి రోజుల్లో తిమోతికి రాసిన పత్రికలో ఈ తేడా మూడు వచనాల దూరంలోనే కనబడుతుంది. తనను విడిచిపోయినవారికి ఆ నేరం లెక్కకు రాకూడదని కోరుకున్నాడు. ఎంతో కీడు చేసిన కంచరివాడైన అలెక్సంద్రు విషయంలో ప్రతిఫలాన్ని ప్రభువుకు విడిచిపెట్టి, అతని విషయమై జాగ్రత్తగా ఉండమని తిమోతిని హెచ్చరించాడు.

న్యాయం దొరకనప్పుడు

అన్నీ సరిగా చేసినా న్యాయం దొరకని సందర్భాలు ఉంటాయి, దాన్ని దాచి మాట్లాడడం మంచిది కాదు. ఇస్సాకు మనుషులు తవ్విన బావులను గెరారు కాపరులు రెండుసార్లు తమవేనని లాక్కున్నారు. అతడు వాటికి జగడమని ఏశెకు, విరోధమని శిత్నా అని పేర్లు పెట్టి, అక్కడినుండి కదిలి మూడోది తవ్వుకున్నాడు. దానికోసం ఎవరూ జగడమాడలేదు, దానికి రహెబోతు అని పేరు పెట్టాడు. జరిగింది జగడమేనని పేరు పెట్టిన తరువాతే వెళ్లాడన్నది గమనించాలి. ఆరోగ్యం, పిల్లల చదువు, ఖర్చు చూసుకుని ఒక ఉద్యోగాన్ని, ఒక కేసును వదిలి వెళ్లడం ఓటమి కానక్కరలేదు. అలా వెళ్లే ముందు ప్రార్థించి, ఇద్దరు ముగ్గురితో ఆలోచించి, రావలసిన బకాయిలు, అనుభవ ధృవపత్రం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

నా విషయంలో కోసిన డబ్బు రెండు నెలల జీతాల్లో కలిపి తిరిగి ఇచ్చారు. క్షమించమని ఎవరూ అడగలేదు, నన్ను అనుమానించినవారెవరూ ఆ మాట ఎత్తలేదు. శత్రువుల కోసం ప్రార్థించమన్న ఆజ్ఞను నేను అప్పుడే నిజంగా మొదలుపెట్టాను. మొదటి వారాల్లో నా నోటికి ఏ ఆశీర్వాదమూ రాలేదు కాబట్టి, సూపరింటెండెంటు గారి పేరు ఒక్కటి పలికి ఆమెన్ అనేదాన్ని. కొన్నాళ్లకు వారి అమ్మగారు మంచాన పడ్డారని ఆఫీసులో అనుకుంటుంటే విన్నాను. ఆ రాత్రి ప్రార్థనలో ఆయన పేరు పక్కన ఆమెను కూడా తలచుకున్నాను, మొదటిసారి రెండో వాక్యం వచ్చింది.